ముప్పై కౌంటు

మాది గంగపట్నం.
ఉప్పుకాలవ పక్కన ఎకరా ముప్పావు రొయ్యలగుంట, కౌలుది.
ఎనిమిదిలో బడి ఆపేసినవాణ్ణి,
నాకొచ్చిన ఇంగ్లీషంతా రొయ్య నేర్పిందే:
సీడు, ఫీడు, ఏరేటరు, వైట్ స్పాటు,
అన్నిటికన్నా ముందు, కౌంటు.

తెలీనోళ్ళకి చెప్తుండా.
విసురువల వేసి, బకెట్లో కేజీ తూచి,
ఎన్ని తలకాయలుండాయో లెక్కబెడితే అదీ కౌంటు.
నూరంటే ఇంకా పసిబిడ్డలు.
యాభై అంటే వడ్డీ కట్టొచ్చు.
ముప్పై అంటే...
మా నాయన ముప్పై చూడకుండానే పొయ్యాడు.
కౌంటు పడేకొద్దీ మనిషి లేస్తాడు,
లోకంలో ఇట్టాంటి లెక్క ఇంకోటి లేదనుకుండేవాణ్ణి.

ఆ కార్తీకంలో గుంట నలభై రెండులో ఉండాది.
మస్తానమ్మకి జరం తగిలింది.
పోగతోట ఆస్పత్రి, మూడో అంతస్తు,
డాక్టరమ్మ కాయితం చూసి
"కౌంట్ పడిపోతోందయ్యా" అనింది.
సిగ్గు విడిచి చెప్తుండా,
నా మొహం ఒక్క క్షణం, ఒక్క క్షణమే,
వెలిగింది.
ఆమె చూసింది. ఏమనుకుందో.

అదే రాత్రి ఫోను. బయ్యరు హజరత్తయ్య.
"కౌంటు ఎంతలో ఉండాది?"
"ముప్పై" అన్నా.
"ముప్పయ్యా! మొన్ననేగా నలభై రెండన్నావు!
రేపే బండి పంపిస్తా, ఐసు గూడా నాదే."
"ముప్పై వేలన్నా.
రక్తంలో."
అప్పటికే మొదలైన నవ్వు
సగంలో ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలీలా.

వరండాలో నా చాప పక్కన ఇంకో చాప,
వెంకటగిరి మగ్గం మనిషి, మునెయ్య. కొడుక్కి అదే జరం.
"మా నూలుక్కూడా కౌంటుందబ్బా,
పెరిగేకొద్దీ పోగు సన్నమైపోతాది,
నూరు కౌంటు దారానికి గట్టిగా ఊపిరి తగిలినా భయమే" అన్నాడు.
మాకు తగ్గితే లావు, వాళ్ళకి పెరిగితే సన్నం,
లోపల మంచాల మీదోళ్ళకి పెరిగితే ప్రాణం.
"ఇంగ్లీషోడికి మాటలు కరువా ఏందన్నా?" అన్నా.
"మనకి డబ్బులు కరువైనట్టే" అన్నాడు,
వెలిగించని బీడీ జేబులోనే నలుపుతా.

కింద అదే మాట తోక తగిలించుకోని కూర్చోనుండాది, కౌంటరని.
అద్దం వెనక పిల్లోడు నోట్లు మిషన్లో పెడితే
గర్రుమని తిరిగి ఆగిపోతాది.
"ఇంకా పద్దెనిమిది వేలు" అంటాడు, తలెత్తకుండా.

పొద్దున్నే కంపెనీ ఆటో ఖాదరు:
"తలకాయలు పదకొండే ఉండాయన్నా,
వదిన ఈరోజుగ్గూడా రాదా?"

నాలుగో రోజు గుంట పట్టించేశా. నలభైలో.
ముప్పై దాకా ఆగుంటే ఎంతొచ్చేదో
లెక్క వేసుకోకూడదనుకున్నా.
వేసుకున్నా.
అదే పొద్దున ఆమె ముప్పై నించి నలభైకెక్కింది.
రెండు నలభైలూ ఇందుకూరుపేట రోడ్డు మీద,
ఒకటి దిగతా, ఒకటి ఎక్కతా ఎదురుపడి
పలకరించుకోనుంటాయి.

తొంభై వేలు దాటినాక ఇంటికి పంపించారు.
గుంట వైపు కిటికీ మూసే ఉంచినా.
ఏరేటర్ల చప్పుడు లేదని
రాత్రి అన్నం కాడ అడిగింది,
"గుంట ఎంతలో ఉండాది?"
"ముప్పైలో. బంగారంలా ఉండాది.
కరెంటు లేదు, అందుకే చప్పుడు లేదు" అన్నా,
నెత్తిన ఫ్యాను తిరగతానే ఉండాది.

ఆమె ఐసు బల్ల మీద పదేళ్ళు గ్రేడింగు చేసిన మనిషి.
చూడకుండా చేత్తో తడిమి కౌంటు చెప్తాది.
సూదులు గుచ్చి నల్లబడిన చెయ్యి చాపి
నా అరచెయ్యి తీసుకోని
వేలు వేలూ నొక్కి చూసింది.

"నలభై" అనింది.
మజ్జిగ పొయ్యమనింది.